మోకాలు జారితే ముందు పాదం చూడండి



రోడ్డు మీద మోటారు సైకిల్ పడింది. నడిపే కుర్రవాడి కాలు బండి కింద చిక్కుకుని మెలి తిరిగింది. చుట్టుపక్కలవాళ్ళు పరుగున వచ్చి బండి లేపారు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రే తీశారు. ఎముక ఎక్కడా విరగలేదు. "దేవుడు చల్లగా చూశాడు, ఎముక విరగలేదు" అనుకుంటూ ఇంటికి తీసుకొచ్చేశారు. ఇలాంటిది మీరూ విని ఉంటారు. మీ ఇంట్లోనే జరిగి ఉండొచ్చు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ "ఎముక విరగలేదు" అన్న మాట గురించే. ఆ మాట విని ఊపిరి పీల్చుకోవడంలో తప్పు లేదు. ఆ మాటతో ఆగిపోతేనే ప్రమాదం. ఎక్స్‌రేలో కనబడేది ఎముక. ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు అందులో కనబడవు. రక్తనాళం కనబడదు. నరం కనబడదు. మోకాలికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు కాలు తీసేయాల్సిన పరిస్థితి తెచ్చేది, మనిషిని జీవితాంతం కుంటేలా చేసేది చాలాసార్లు ఈ కనబడనివే.

అందుకని ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. గంటల్లో చూడాల్సింది పాదం. వారాల్లో చూడాల్సింది మోకాలు. మళ్ళీ చెప్తున్నాను. దెబ్బ తగిలిన మొదటి గంటల్లో పాదాన్ని చూడాలి. మొదటి రెండు మూడు వారాల్లో మోకాలి సంగతి తేల్చుకోవాలి. ఈ మాట ఎందుకు చెప్తున్నానో ఇప్పుడు వివరిస్తాను.

మన మోకాలు దేని ఆధారంతో నిలబడుతుందో ముందు చూద్దాం. తుంటి కీలులో ఒక ఎముక ఇంకో ఎముక గుంటలో లోతుగా కూర్చుంటుంది. మోకాలికి ఆ సౌకర్యం లేదు. గుండ్రంగా ఉన్న తొడ ఎముక చివర, దాదాపు చదునుగా ఉన్న కాలి ఎముక మీద ఆని ఉంటుంది. అంతే. మరి అది జారిపోకుండా పట్టి ఉంచేది ఏమిటి?

పెళ్ళి ఇంటి ముందు షామియానా వేస్తుంటే చూసే ఉంటారు. రాటను లోతుగా పాతరు. నిలబెట్టి, నాలుగు వైపులా తాళ్ళు లాగి, మేకులకు బిగించి కడతారు. రాట నిలబడేది ఆ తాళ్ళ బిగువు మీదే. మన మోకాలు కూడా అంతే. ఎముకలు రాటలు. లిగమెంట్లు తాళ్ళు.

ఆ తాళ్ళలో ముఖ్యమైనవి నాలుగు. రెండు కీలు నడిమధ్య ఒకదాన్నొకటి దాటుకుంటూ ఉంటాయి. అందులో ముందుది, కాలి ఎముక ముందుకు జారకుండా ఆపుతుంది. దాన్ని ఏసీఎల్ అంటారు. వెనకది, కాలి ఎముక వెనక్కి జారకుండా ఆపుతుంది. దాన్ని పీసీఎల్ అంటారు. మిగతా రెండూ పక్కల్లో ఉంటాయి. లోపలి పక్కన ఒకటి, బయటి పక్కన ఒకటి. బయటి పక్కన, కాస్త వెనగ్గా ఉన్న మూలలో ఇంకొన్ని చిన్న కట్లు కలిసి ఉంటాయి. ఆ మూలను మాత్రం మనసులో పెట్టుకోండి. తర్వాత మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

షామియానాకు ఒక్క తాడు తెగితే ఏమవుతుంది? రాట కొంచెం ఊగుతుంది. మిగతా మూడూ పట్టుకుంటాయి. కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడే పిల్లల్లో చాలామందికి ఏసీఎల్ ఒక్కటే తెగుతుంది. అది చిన్న గాయమని నేననను. కానీ మోకాలు ఇంకా చోటులోనే ఉంటుంది. అదే రెండు తాళ్ళు, మూడు తాళ్ళు ఒక్కసారిగా తెగితే? రాట పడిపోతుంది. ఈ రకం గాయాన్నే డాక్టర్లం మేము బహుళ లిగమెంట్ల గాయం అంటాం. అంటే మోకాలు ఆ క్షణంలో తన చోటు వదిలి పూర్తిగా జారి ఉండొచ్చన్నమాట.

ఇక్కడే అందరూ మోసపోయే విషయం ఒకటి ఉంది. జారిన మోకాలు చాలామందిలో ఆసుపత్రికి చేరేలోపే దానంతటదే చోటులోకి వచ్చేస్తుంది. బండి కింద నుంచి కాలు లాగేటప్పుడో, ఆటోలో పడుకోబెట్టేటప్పుడో సర్దుకుంటుంది. ఎక్స్‌రే తీసేసరికి ఎముకలు తిన్నగా, ఒకదాని మీద ఒకటి చక్కగా కనబడతాయి. చూసినవాళ్ళు మామూలు బెణుకనుకుంటారు.

వాపు చూసి కూడా మోసపోతారు. ఒక్క లిగమెంటు తెగితే కీలు లోపల రక్తం చేరుతుంది. రెండు మూడు గంటల్లో మోకాలు ఉబ్బుతుంది. కానీ పెద్ద గాయంలో కీలు చుట్టూ ఉన్న పొర కూడా చిరిగిపోతుంది. రక్తం ఆ చిరుగులోంచి కిందికి, పిక్కలోకి జారిపోతుంది. అప్పుడు మోకాలు పెద్దగా ఉబ్బినట్టు ఉండదు. వాపు తక్కువగా ఉంది కాబట్టి గాయం చిన్నదనుకోకండి.

వేగంగా వెళ్ళే బండి మీద నుంచి పడితేనే ఇలా జరుగుతుందని కూడా అనుకోకండి. కారు గుద్దుకున్నప్పుడు మోకాలు ముందున్న డ్యాష్‌బోర్డుకు తగలొచ్చు. గోడ కూలి కాలి మీద పడొచ్చు. ట్రాక్టరు తిరగబడొచ్చు. కబడ్డీ కూతలో ఇద్దరు ముగ్గురు ఒక్కసారి కాలి మీద పడొచ్చు. శరీరం బాగా బరువున్న మనిషికైతే మెట్టు మీద కాలు జారడమే చాలు.

సరే, మరి గంటల్లో పాదాన్ని ఎందుకు చూడమంటున్నాను? దెబ్బ తగిలింది మోకాలికి కదా!

మోకాలి వెనక, మడత పడే చోట, మోకాలి కింది కాలికంతటికీ రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని ఒకటి ఉంది. మోకాలికి పైన ఒకచోట, కింద ఒకచోట కండరాలు దాన్ని కదలకుండా పట్టి ఉంచుతాయి. మోకాలు జారినప్పుడు ఆ రెండు చోట్లా కదలలేక, నడుమ సాగిపోతుంది. సాగితే తెగొచ్చు. తెగకపోయినా లోపలి పొర చిట్లొచ్చు. చిట్లిన చోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఆ దారి మూసుకుపోతే పాదానికి రక్తం అందదు. 6 నుంచి 8 గంటలు రక్తం అందకపోతే కండరాలు చచ్చిపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత ఎంత గొప్ప ఆసుపత్రికి తీసుకెళ్ళినా కాలు నిలబెట్టడం చాలా కష్టం. నా మాటల్లో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది గుర్తుపెట్టుకోండి. మోకాలి దెబ్బలో కాలు పోయేది లిగమెంటు తెగినందుకు కాదు, రక్తం ఆగినందుకు.

ఇంట్లోవాళ్ళు, దారిన పోయేవాళ్ళు కూడా ఇది చూడగలరు. దెబ్బ తగిలిన పాదాన్ని, బాగున్న పాదాన్ని రెండు చేతులతో ఒకేసారి పట్టుకోండి. ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా ఉందా? ఒకటి ఎర్రగా, ఒకటి పాలిపోయినట్టు ఉందా? కాలి వేళ్ళు కదపమనండి. బొటనవేలు పైకి ఎత్తమనండి. పాదం మీద వేలు పెట్టి, తెలుస్తోందా అని అడగండి. తిమ్మిరి అన్నా, చల్లగా ఉన్నా, వేళ్ళు కదలకపోయినా ఒక్క నిమిషం ఆలస్యం చేయకండి. 108కు ఫోన్ చేయండి. రక్తనాళాల ఆపరేషన్ చేయగలిగే పెద్ద ఆసుపత్రికే తీసుకెళ్ళాలని గట్టిగా చెప్పండి. దారిలో రెండు చిన్న ఆసుపత్రుల్లో ఆగితే ఆ విలువైన గంటలు అక్కడే కరిగిపోతాయి.

మరి పాదం వెచ్చగానే ఉంది, వేళ్ళు కదులుతున్నాయి అనుకోండి. అప్పుడూ ఆసుపత్రికి వెళ్ళాలి. వెళ్ళి డాక్టరు గారితో ఒక మాట స్పష్టంగా చెప్పండి. "పడ్డప్పుడు మోకాలు పక్కకు పోయినట్టు కనబడింది. కాలు బయటికి తీసేటప్పుడు లోపలికి వచ్చింది." ఈ ఒక్క ముక్క చెప్తే చాలు, డాక్టరు ఆలోచన మారిపోతుంది. పాదం మీద నాడి చూస్తారు. చీలమండ దగ్గర రక్తపోటు కొలిచి, చేతి రక్తపోటుతో పోల్చి చూస్తారు. చీలమండ దగ్గరి అంకెను చేతి అంకెతో భాగిస్తే 0.9 కన్నా తక్కువ వస్తే అనుమానించాలి. వెంటనే రంగు మందు ఎక్కించి రక్తనాళాలకు స్కాన్ తీస్తారు. అంకె బాగానే ఉన్నా రోగిని ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచి, పాదాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తారు. లోపలి పొర చిట్లినప్పుడు నాడి మొదట్లో బాగానే ఉండి, తర్వాత మూసుకుపోవచ్చు కాబట్టి ఈ జాగ్రత్త. "నాడి బాగానే ఉందిగా, ఎందుకు ఉంచుతున్నారు" అని డాక్టరుతో వాదించకండి. అలా ఉంచేది కాలు కాపాడటానికే.

ఆసుపత్రికి చేరేదాకా చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మోకాలు వంకరగా కనబడితే మీరు లాగి సరిచేయకండి. ఉన్నదాన్ని ఉన్నట్టుగానే, పక్కన కర్రో అట్టముక్కో పెట్టి, మెత్తటి గుడ్డతో వదులుగా కట్టి తీసుకెళ్ళండి. నూనె పోసి మర్దన చేయకండి. బిగించి పసరు కట్టు కట్టించకండి. రక్తం సరిగ్గా ఆడని కాలికి బిగువు కట్టు పడితే అది విషమే. ఈ విషయంలో నేను మొహమాటపడను. తరతరాలుగా కట్లు కట్టేవారి మీద మన ఊళ్ళలో గౌరవం ఉంది. చిన్న బెణుకులకు ఉపశమనం కలిగి ఉండొచ్చు కూడా. కానీ జారిన మోకాలు వాళ్ళ చేతికి ఇవ్వాల్సింది కాదు. కాలికి పట్టీలు, మెట్టెలు ఉంటే ముందే తీసేయండి. వాపు వస్తే అవే కోసుకుపోతాయి.

ఇంకో సంగతి. మోకాలి లోపలి పక్కన చర్మం గుంట పడి లోపలికి లాక్కుపోయినట్టు కనిపిస్తే, అది బయటి నుంచి లాగినా సరికాని రకం. దానికి వెంటనే ఆపరేషన్ కావాలి. అలాగే పిక్క రాయిలా గట్టిపడి, కాలివేళ్ళను కాస్త కదిపితేనే భరించలేని నొప్పి పెడితే, లోపల ఒత్తిడి పెరిగిందని అర్థం. అది కూడా గంటల్లో తేల్చాల్సిన ప్రమాదమే.

నరం గురించి కూడా చెప్పాలి. మోకాలి బయటి పక్కన, కాస్త కింద, చేత్తో తడిమితే ఒక చిన్న ఎముక తల తగులుతుంది. దాని మెడ చుట్టూ తిరుగుతూ ఒక నరం వెళ్తుంది. పాదాన్ని పైకి ఎత్తేది ఆ నరమే. మోకాలు పూర్తిగా జారినవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి నరం దెబ్బతింటుంది. పాదం వేలాడిపోతుంది. నడిస్తే వేళ్ళు నేలకు తగులుతాయి. కొందరిలో అది నెమ్మదిగా కోలుకుంటుంది, కొందరిలో కోలుకోదు. కోలుకోకపోతే, ఇంకో కండరాన్ని దారి మళ్ళించి పాదాన్ని ఎత్తించే ఆపరేషన్ ఉంది. ఆ లోపు పాదం కిందికి బిగుసుకుపోకుండా ఒక పట్టీ వేసుకోవాలి. "నరం దెబ్బతింది, ఇక చేసేదేం లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇప్పుడు రెండో మాటకు వద్దాం. గంటల్లో పాదం చూశాం. వారాల్లో చూడాల్సింది మోకాలు.

ప్రాణాపాయం లేదు. పాదంలో రక్తం ఆడుతోంది. ఇక ఏయే లిగమెంట్లు తెగాయో లెక్క తేల్చాలి. దానికి ఎమ్మారై స్కాన్ తీస్తారు. ఆ ఫిల్మే కాదు, డాక్టరు చేతులతో చేసే పరీక్ష కూడా అంతే ముఖ్యం. మోకాలిని కొంచెం వంచి ముందుకు లాగి చూస్తారు, వెనక్కి నెట్టి చూస్తారు, పక్కలకు వంచి చూస్తారు. నొప్పి వల్ల మొదట్లో ఈ పరీక్ష సరిగ్గా కుదరకపోవచ్చు. అందుకే ఆపరేషన్ బల్ల మీద, మత్తు ఇచ్చాక ఇంకోసారి చేస్తారు. ఎక్స్‌రేనూ తీసిపారేయకూడదు. లిగమెంటు కొన్నిసార్లు నడుమ తెగకుండా, చివర చిన్న ఎముక ముక్కను ఊడబెరుక్కుని వస్తుంది. బండి మీద నుంచి పడి, వంగిన మోకాలు నేలకు తగిలినప్పుడు పీసీఎల్ ఇలా ఊడటం మన దేశంలో చాలా చూస్తాం. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో ఆ ముక్క కనబడుతుంది. అది దొరకడం రోగి అదృష్టమే. త్వరగా గుర్తిస్తే ఆ ముక్కను స్క్రూతో దాని చోట్లోనే బిగించేస్తారు. ఎముక ఎముకతో అతుక్కుంటుంది. కొత్త లిగమెంటు అవసరం రాదు.

తెగిన ప్రతిదానికీ ఆపరేషన్ అక్కర్లేదు. లోపలి పక్క లిగమెంటుకు రక్తం బాగా అందుతుంది. చాలామందిలో మోకాలికి ఆధారంగా బ్రేసు వేసి ఉంచితే దానంతటదే అతుకుతుంది. నడుమన ఉండే ఏసీఎల్‌కు ఆ గుణం తక్కువ. పూర్తిగా తెగితే సాధారణంగా అతుక్కోదు. బయటి పక్క వెనక మూల ఉందని చెప్పాను గదా, దాని విషయం వేరు. అది దెబ్బతింటే మొదటి మూడు వారాల్లోపే ఆపరేషన్ చేయడం మంచిదని చాలామంది సర్జన్లు భావిస్తారు. మూడు వారాలు దాటితే అక్కడ చిరిగిన పొరలన్నీ ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఏది ఏదో గుర్తుపట్టడమే కష్టమవుతుంది. అలాగని మర్నాడే చేయడమూ కుదరదు. కీలు పొర చిరిగి ఉంటుంది. చిన్న రంధ్రం గుండా దూర్బీను పెట్టి చేసే ఆపరేషన్‌లో కీలు లోపలికి నీళ్ళు పంపిస్తారు. ఆ నీళ్ళు చిరుగులోంచి పిక్కలోకి పోతే ప్రమాదం. పొర కాస్త మూసుకోవడానికి వారం పది రోజులు ఆగుతారు. రక్తనాళం బాగుచేసిన కాలైతే, లేదా మోకాలు చోటులో నిలవకపోతే, అప్పటిదాకా బయటి నుంచి రాడ్లు బిగించి ఉంచుతారు. అందుకే అంటున్నాను, వారాల్లో చూడాల్సింది మోకాలు. "నొప్పి తగ్గనీ, పంట పని అయిపోనీ, పండగ వెళ్ళనీ" అంటూ నెలలు దాటించకండి.

ఆపరేషన్ ఎలా చేస్తారో అడుగుతుంటారు. తెగిన లిగమెంట్లను బాగుచేసే ప్రయత్నం నిన్న మొన్నటిది కాదు. 1895లోనే ఇంగ్లండులోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే సర్జన్, బొగ్గుగనిలో దెబ్బ తగిలిన ఒక కార్మికుడికి మోకాలి నడుమ లిగమెంట్లు రెండింటినీ కుట్టాడు. 1903లో ఆ సంగతి రాశాడు. ఆపరేషన్ అయిన ఆరేళ్ళ తర్వాత కూడా ఆ మనిషి కాలు గట్టిగానే ఉందట. 1917లో బ్రిస్టల్ సర్జన్ హే గ్రోవ్స్ కుట్టడం మానేసి, తొడ బయటి పక్కన పట్టీలా ఉండే పొరలోంచి ఒక ముక్క తీసి కొత్త లిగమెంటుగా వేశాడు. ఇవాళ మేము చేసేదానికి మూలం అదే. వాళ్ళకు దూర్బీను లేదు, ఎమ్మారై లేదు, ఇప్పటి మందులు లేవు. దెబ్బతిన్న కాలితో వచ్చిన ఒక కూలి మనిషిని మళ్ళీ పనికి పంపాలన్న పట్టుదల ఉంది. ఆ పట్టుదల నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది.

ఇప్పటి పద్ధతి ఇది. తెగిన ఏసీఎల్, పీసీఎల్ చివరలను కుడితే చాలాసార్లు నిలవవు. అందుకని కొత్త లిగమెంటు తయారు చేస్తారు. దానికి ముడిసరుకు మీ ఒంట్లోంచే తీస్తారు. తొడ వెనక కండరాల చివర పొడవుగా ఉండే టెండన్లు తీయొచ్చు. చిప్ప కింద ఉన్న టెండన్ నడుమ భాగం తీయొచ్చు. చీలమండ బయటి పక్కనుంచి కూడా తీస్తారు. తెగినవి ఎక్కువైతే రెండో కాలి నుంచి కూడా తీయాల్సి రావొచ్చు. "బాగున్న కాలినెందుకు కోశారు" అని తర్వాత బాధపడకుండా ముందే అడిగి తెలుసుకోండి. తొడ ఎముకలో, కాలి ఎముకలో సన్నటి సొరంగాలు చేసి, ఆ టెండన్‌ను వాటిలోంచి లాగి, స్క్రూలతోనో చిన్న లోహపు గుండీతోనో బిగిస్తారు. ఒకే ఎముకలో మూడు నాలుగు సొరంగాలు కావాలి. ఒకదానిలోకి ఒకటి కలిసిపోకుండా చేయాలి. ఇక్కడే సర్జన్ అనుభవం తెలుస్తుంది.

మళ్ళీ మన షామియానాకు వెళ్దాం. రెండు తాళ్ళు తెగాయి. మీరు ఒక్క తాడు మాత్రం కొత్తది కట్టారు. రెండోది వదిలేశారు. ఏమవుతుంది? రాట బరువంతా ఆ కొత్త తాడు మీదే పడుతుంది. నాలుగు రోజుల్లో అదీ తెగుతుంది. మోకాల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది. ఏసీఎల్ కొత్తది వేసి, బయటి పక్క వెనక మూలను చూడకుండా వదిలేస్తే, కొత్త ఏసీఎల్ సాగిపోతుంది. మొదటి ఆపరేషన్ విఫలమై మళ్ళీ వచ్చేవాళ్ళలో కొందరి కారణం ఇదే. ఇంకోటి చూడండి. రాట ఒక పక్కకు వాలి ఉండగా తాళ్ళన్నీ బిగిస్తే ఏమవుతుంది? వంకర అలాగే నిలిచిపోతుంది. అందుకే కాలి ఎముక వెనక్కి జారి ఉంటే దాన్ని ముందు తిన్నగా తెచ్చి పీసీఎల్ బిగిస్తారు. ఆ తర్వాతే ఏసీఎల్. ఆ తర్వాత పక్కలవి. సర్జన్ల మధ్య చిన్న తేడాలుంటాయి కానీ, ముందు తిన్నగా నిలబెట్టి తర్వాత బిగించాలన్నదాంట్లో తేడా లేదు.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు డాక్టరు గారిని రెండు ప్రశ్నలు అడగండి. నా మోకాల్లో ఏయే లిగమెంట్లు తెగాయి? వాటిలో వేటిని బాగు చేస్తున్నారు, వేటిని వదులుతున్నారు, ఎందుకు? ఇలా అడిగితే మంచి డాక్టరు చిన్నబుచ్చుకోడు. బొమ్మ గీసి మరీ చెప్తాడు. ఖర్చు గురించి కూడా మొహమాటం వద్దు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే, మీ చికిత్స అందులోకి వస్తుందో రాదో ఆసుపత్రిలోని ఆ పథకం డెస్కు దగ్గర చేరక ముందే కనుక్కోండి.

బీడీ, సిగరెట్ తాగేవాళ్ళు ఈ పనికి ముందే మానాలి. పొగ తాగే ఒంట్లో కొత్త లిగమెంటు సరిగ్గా అతకదు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి. లేదంటే గాయం చీము పట్టే ప్రమాదం ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోయినా, కాలిలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ గడ్డ కదిలి కూడా ఉండొచ్చు. వెంటనే ఆసుపత్రికి రావాలి.

ఇప్పుడు ఇంటికి వచ్చిన తర్వాతి సంగతి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే సర్జన్ చేతిలో ఉన్నది కొన్ని గంటల పని. మీ చేతిలో ఉన్నది ఏడాది పని.

సాధారణంగా మొదటి ఆరు వారాలు ఆ కాలి మీద బరువు మోపనివ్వరు. చంకకర్రలతో నడవాలి. బ్రేసు వేసుకునే పడుకోవాలి. మంచం మీద పడుకున్నప్పుడు మన ఇళ్ళలో ప్రేమతో మోకాలి కింద దిండు పెడతారు. హాయిగానే ఉంటుంది. కానీ అలా పెట్టకండి. మోకాలు వంగిన చోటే బిగుసుకుపోతుంది, తర్వాత తిన్నగా చాపడం రాదు. పీసీఎల్ ఆపరేషన్ అయినవాళ్ళకు దిండు పిక్క కింద పెట్టాలి. అప్పుడు కాలి ఎముక వెనక్కి జారదు. తొడ ముందు కండరాన్ని బిగించి, పది లెక్కపెట్టి, వదిలే వ్యాయామం మొదటి రోజు నుంచే ఉంటుంది. చూడటానికి చిన్న పనే. ఆ కండరం పని మానేస్తే ఎంత మంచి ఆపరేషన్ అయినా కాలు పనికి రాదు. మోకాలు వంచడం మాత్రం ఫిజియోథెరపిస్టు చెప్పినంతే. ఎక్కువ వంచితే కొత్తవి సాగుతాయి. అసలు వంచకపోతే మోకాలు బిగుసుకుపోతుంది. బిగుసుకుపోతే మళ్ళీ మత్తు ఇచ్చి వంచాల్సి వస్తుంది.

గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, కింద కూర్చుని లేవడం చాలా నెలలు వద్దు. ఇంట్లో మరుగుదొడ్డి నేల మట్టానికి ఉంటే, ఆపరేషన్‌కు ముందే ఎత్తుగా ఉండే కుర్చీ ఒకటి ఏర్పాటు చేసుకోండి. ఈ చిన్న ఏర్పాటు లేక పాడయ్యే మోకాళ్ళున్నాయి. చేనులో కలుపు తీసే అమ్మలకు, నేల మీద కూర్చుని పనిచేసే చేతివృత్తులవారికి ఇది చాలా కష్టమైన షరతు. వాళ్ళకు ఆ ఏడాది పని ఎవరు చేస్తారో కుటుంబమంతా కూర్చుని ముందే మాట్లాడుకోవాలి. డాక్టరు కూడా ఆ మాట అడగాలి. మనిషి బతుకుతెరువు తెలుసుకోకుండా మోకాలికి ఆపరేషన్ చేయడం సగం వైద్యమే.

మూడో నెల దాటేసరికి నొప్పి తగ్గుతుంది. నడక బాగుంటుంది. ప్రమాదం అంతా అప్పుడే. ఎముకలో పెట్టిన ఆ టెండన్ ముక్కకు మొదట్లో రక్తం అందదు. అది కొన్ని నెలల పాటు బలం కోల్పోయి, ఆ తర్వాత కొత్త రక్తనాళాలు వచ్చి, నెమ్మదిగా లిగమెంటుగా మారుతుంది. అంటే మీకు కాలు బాగుందనిపించే రోజుల్లోనే లోపల ముక్క బలహీనంగా ఉంటుంది. కుర్రవాళ్ళు సరిగ్గా అప్పుడే బండి ఎక్కుతారు. అప్పుడే కబడ్డీ కోర్టులో దిగుతారు. తొమ్మిది నెలలు నిండకముందు ఆటకు వెళ్ళకూడదు. ఒకటి కన్నా ఎక్కువ లిగమెంట్లు వేసినవాళ్ళకు ఏడాది, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. రెండు కాళ్ళ బలం కొలిచి, ఒంటికాలి మీద గెంతించి చూసి, అప్పుడే పంపుతారు. కోచ్‌లు, తల్లిదండ్రులు ఈ మాట వినాలి. టోర్నమెంటు మళ్ళీ వస్తుంది, పిల్లవాడి మోకాలు ఒక్కటే.

ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఇంత చేసినా మోకాలు దెబ్బకు ముందు ఉన్నట్టు నూటికి నూరుపాళ్ళు ఉండకపోవచ్చు. కొంత బిగువు, కొంత నొప్పి మిగలొచ్చు. ఏళ్ళ తర్వాత కీలు అరగొచ్చు. కానీ చాలామంది తమ పనికి తాము తిరిగి వెళ్తారు. ఒకప్పుడు ఇలాంటి కాళ్ళకు నెలల తరబడి సిమెంటు కట్టు వేసి ఉంచేవారు. కట్టు విప్పాక మోకాలు బిగుసుకుపోయేది, లేదా వదులుగా ఊగిపోయేది. దాంతో పోలిస్తే ఇప్పుడు మన చేతిలో ఉన్నది చిన్న వరం కాదు.

చివరిగా, ఏళ్ళ క్రితం దెబ్బ తగిలి, అప్పుడు "ఎముక విరగలేదు" అన్న మాటతో ఆగిపోయినవాళ్ళకు ఒక్క మాట. మెట్లు దిగుతుంటే మోకాలు జారినట్టు అనిపిస్తుందా? నడిచేటప్పుడు మోకాలు బయటి పక్కకు విరుచుకుంటుందా? మీకు చికిత్స ఉంది. కాలు వంకర తిరిగి ఉంటే ముందు ఎముకను కోసి తిన్నగా చేస్తారు. అది అతికాక, అవసరమైతే లిగమెంట్లు వేస్తారు. కొందరికి ఎముక తిన్నగా అయ్యాక రెండో ఆపరేషనే అక్కర్లేకపోవచ్చు. మీ దగ్గర పాత ఎక్స్‌రేలు, స్కాన్లు ఏవున్నా పారేయకుండా వెంట తీసుకుని వెళ్ళండి. డాక్టరు గారి ముందు పడుకుని చూపించడమే కాదు, లుంగీయో ప్యాంటో మోకాలి పైకి మడిచి పది అడుగులు నడిచి చూపించండి. ఆ నడకలో ఆయనకు చాలా తెలుస్తుంది.